పైకప్పు మీద ఆరు మాటలు

జూన్ 14, శనివారం

ఈ డైరీని ఇవాళ్టి నుంచి విచారణ సంఘంగా ప్రకటిస్తున్నాను. అధ్యక్షుడు, సభ్యుడు, టీ పెట్టేవాడు, ముగ్గురూ నేనే. విచారించాల్సిన విషయం ఒక్కటే: మా టీమ్‌లో మాటలు బయటికి మోస్తున్నదెవరు?

రికార్డు కోసం కొన్ని సంగతులు. ఆరుష్‌కి పంతొమ్మిదేళ్లు. పుట్టింది ఇక్కడే, వర్జీనియాలో. ఆష్‌బర్న్‌లో తక్కిన పిల్లలు స్పెల్లింగ్ పోటీలకు పోతుంటే వీడు గో-కార్టులకు పోయాడు. పోయినేడు చిన్న తరగతి కార్లలో అందర్నీ ఊడ్చేశాడు. ఈ ఏడు పెద్ద తరగతి, లేట్ మోడల్ స్టాక్ కార్లు. శనివారం సాయంత్రాలు గుండ్రటి ట్రాక్ మీద ముప్ఫై కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతుంటాయి. అందులో బానెట్ మీద బిర్యానీ హండీ బొమ్మ ఉన్నది మాది. స్పాన్సర్ ఎవరో చెప్పక్కర్లేదు.

వాడి నాన్న చక్రపాణి అంకుల్. వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్, శనివారం మా టీమ్ పెద్ద, క్రూ చీఫ్. నేను స్పాటర్ని. స్టాండ్ మీదున్న గది పైకప్పెక్కి, రేడియోలో వాడికి కళ్లుగా ఉండటం నా పని. హెల్మెట్టూ, మెడ కదలకుండా కట్టే పట్టీలూ బిగించాక వాడికి ముందు అద్దం తప్ప ఇంకేం కనపడదు. పక్కన ఎవడున్నాడో నేను చెప్పాలి. జీతం లేదు. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్నవాడికి ఉండకూడదు కూడా. ఇక్కడి తెలుగువాళ్ల వీకెండ్ క్రికెట్ లీగ్‌లో నేను మైకు పట్టుకుని కామెంటరీ చెప్తుంటే అంకుల్ విని, "నీకు గొంతుంది బాబూ, బుర్ర మేం చూసుకుంటాం" అని తీసుకున్నారు.

మా రహస్య ఆయుధం తెలుగు. ఇక్కడ ఎవరి రేడియో అయినా ఎవరైనా స్కానర్ పెట్టుకుని వినొచ్చు. అందుకని ఆరు మాటలు. పక్కన కారు గడ్డి వైపుంటే "లోపల", గోడ వైపుంటే "బయట", ఎవడూ లేకపోతే "ఖాళీ". ట్రాక్ గోడ వైపు ఎత్తు, గడ్డి వైపు పల్లం; అందుకే ముందువాణ్ణి దాటాలంటే గోడ వైపు "పైకి", గడ్డి వైపు "కిందికి". "ఆపు" అంటే ఆపు. ఆరుష్‌కి వచ్చిన తెలుగు కూడా దాదాపు అంతే. అదొక సౌకర్యం.

ఇవాళ చివరి పది ల్యాపులూ, అంటే పది చుట్లూ, మా ప్రత్యర్థి కాల్బీ వెనకే ఉన్నాం. నేను "కిందికి" అనగానే కాల్బీ కిందికి దిగి అడ్డం పడ్డాడు. "పైకి" అంటే పైకెక్కాడు. ఆరుష్ ఇంకా స్టీరింగ్ తిప్పకముందే. రెండో స్థానంతో ఇంటికొచ్చాం.

ఎవరో చెప్తున్నారు.

జూన్ 21

మళ్లీ అదే. మళ్లీ రెండు.

జూన్ 22, ఆదివారం

అనుమానితులు.

చక్రపాణి అంకుల్. కన్నతండ్రి. కొడుకు ఓడిపోవాలని ఎవరనుకుంటారు? అలా అని వదిలేస్తే సంఘానికి విలువేముంది? నిఘాలో ఉంచాం.

నిధి. ఫెయిర్‌ఫాక్స్‌లో మాస్టర్స్ చేస్తోంది. కరీంనగర్ పిల్ల. టీమ్ వీడియోలు తీస్తానని మే నెలలో చేరింది. కాల్బీకి దివ్యదృష్టి వచ్చింది కూడా మే నెలలోనే. పైగా కాల్బీ అక్క కేటీతో తెగ కబుర్లు. ఈ కేటీ హైస్కూల్లో కెమిస్ట్రీ టీచరు, శనివారం తమ్ముడికి స్పాటరు. పైకప్పు మీద నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడుతుంది. నిన్న రేస్ ముందు ఆ ఇద్దరూ ఒకే ప్లేట్లో ఫనెల్ కేక్, జంతికలా వేయించి పంచదార చల్లే తీపి, తిన్నారు.

నిధి నాకెప్పుడూ ఫనెల్ కేక్ పెట్టలేదు. ఇది వ్యక్తిగత విషయం కాదు. రికార్డు కోసం రాశాను.

జూన్ 28

వాన. రేస్ రద్దు. నిధి ట్రాక్ దాకా రైడ్ అడిగితే ఇచ్చాను, విచారణలో భాగంగా. దారంతా ఆమెను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను.

"ఎందుకట్ల చూస్తున్నవ్?" అంది.

"ఎలా?"

"ఎయిర్‌పోర్టుల ఇమిగ్రేషన్ ఆఫీసర్ లెక్క."

నవ్వాను. నవ్వు సహజంగా వచ్చిందనే అనుకుంటున్నాను. కేటీతో ఏం మాట్లాడుతుంటావని మామూలుగా అడిగాను. వాళ్ల స్కూల్లో పిల్లలు ల్యాబ్‌లో ఏమేం పగలగొట్టారో చెప్తుందట. ఎవరైనా నమ్ముతారా ఇది?

జూలై 5

తిరుగులేని సాక్ష్యం.

ప్రతి రేస్‌కీ అంకుల్ నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతారు. ట్రాక్ వాళ్లు మొదట్లో కెమికల్ ఏమోనని వాసన చూసి, తర్వాత వదిలేశారు. ఇవాళ లైన్లో కాల్బీ కారు కదిలితే టైర్ల కింద పచ్‌మని చప్పుడు. వంగి చూశాను. నిమ్మకాయలు!

మా లోపలి మనిషెవరో వాళ్లకి మా ఆచారాలు కూడా అమ్ముకుంటున్నారు. నిమ్మకాయ ఎందుకో తెల్లవాళ్లకి ఎలా తెలుస్తుంది, తెలుగువాళ్లు చెప్పకపోతే?

"మంచిదే కదా బాబూ, వాళ్లక్కూడా దిష్టి తగలదు" అన్నారు అంకుల్. ఆయన మీద నిఘా పెంచాం.

జూలై 12

కాల్బీ ఇంజన్ పోయింది. ఆరుష్ గెలిచాడు. పాయింట్లలో మనమే ముందు. ఇది కూడా అనుమానంగానే ఉంది.

జూలై 19

వల పన్నాను. రేస్‌కి ముందు నిధి ఒక్కదానికే చెప్పాను, ఆరుష్ ఇవాళ సగం దాకా మెల్లగా పోయి టైర్లు దాచుకుంటాడని. పచ్చి అబద్ధం. ఆ మాట కాల్బీకి చేరితే వాడు మొదట్లోనే పారిపోవాలి కదా. పారిపోలేదు. మామూలుగా నడిపాడు. కానీ చివర్లో నా "కిందికి" మాత్రం ఎప్పటిలాగే పట్టేశాడు.

సంఘం తేల్చిందేమిటంటే: నిధి మేం అనుకున్నదానికన్నా చాలా తెలివైనది.

ఆగస్టు 3, ఆదివారం

సంగతి పెద్దదైంది. నార్త్ కరోలినా టీమ్ ఒకటి ఈ ట్రాక్ నుంచి ఒక్క కుర్రాణ్ణి టెస్ట్‌కి పిలుస్తుందట. బాగా నడిపితే వచ్చే ఏడు పై సిరీస్‌లో సీటు, ఊరూరా తిరిగే రేసులు, టీవీ. వాళ్ల దృష్టిలో ఉన్నది ఇద్దరే, కాల్బీ, ఆరుష్. వాళ్ల మనిషి ఆగస్టు 23న స్వయంగా వచ్చి చూస్తాడు. అంకుల్‌కి ఆరుష్ కార్టు తోలినప్పటి నుంచీ ఇదే కల. వాళ్లమ్మ ఉమ ఆంటీ మాత్రం, వాడు ఏ కార్లో కూర్చున్నా ఇంటికి ఒక్క ముక్కగా రావాలి అంది. ఆమె ఒక్క రేస్ కూడా చూడదు. వ్యాన్లో కూర్చుంటుంది.

ఆరుష్‌ని పక్కకి పిలిచి నా అనుమానాలన్నీ చెప్పాను. వాడు టైర్ మీద కూర్చుని చిప్స్ తింటూ విన్నాడు.

"అన్నా, ఎవరు చెప్తే ఏంటి? I don't care."

"నీకేం పట్టదారా?"

"నువ్వు చెప్తావు, నేను టర్న్ చేస్తా. ఆలోచించను. ఆలోచిస్తే లేట్."

పెద్ద తత్వవేత్తలా చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసి లేచిపోయాడు.

ఆగస్టు 16

మళ్లీ రెండు. కాల్బీ ఒకటి. ఇంకొక్క వారమే ఉంది.

ఆగస్టు 20, బుధవారం

దొరికింది! అంటే దొంగ కాదు, ఉపాయం.

ఈ శనివారం ఒక్క రేస్‌కి మాటలు తిరగేస్తున్నాం. "పైకి" అంటే కిందికి, "కిందికి" అంటే పైకి. తక్కిన నాలుగూ మామూలే. మాట మోసేవాళ్లు పాతదే మోస్తారు, కాల్బీ తప్పు వైపు అడ్డం పడతాడు, మనం రెండో వైపు నుంచి పోతాం. ఇంత గొప్ప ఆలోచన నాకే ఎందుకొచ్చిందో చరిత్రకారులు తేల్చాలి.

గరాజ్‌లో ఆరుష్‌కి ఒక్కడికే చెప్పాను.

"So పైకి is down."

"అవును."

"రేస్ మొత్తం?"

"మొత్తం. ఎక్కడా మార్చం. గందరగోళం ఉండకూడదు."

"నాన్నకి చెప్పాలా?"

"వద్దు."

వాడు కొంచెంసేపు నా మొహం చూశాడు. నాన్న మీద కూడానా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. "Okay అన్నా" అని, వేళ్లతో పైకి కిందికి ఊపుతూ నాలుగుసార్లు గొణుక్కుంటూ పోయాడు, పరీక్ష ముందు ఎక్కాలు చదువుకునే పిల్లాడిలా.

ఆగస్టు 23

ఆరుష్ ఆస్పత్రిలో ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. ఇంకేం రాయను.

ఆగస్టు 24

ఉపాయం పనిచేసింది. అది రాయాలి. రెండుసార్లు పనిచేసింది. నేను "పైకి" అన్నాను, కాల్బీ పైకెక్కాడు, ఆరుష్ కింద నుంచి జారిపోయాడు. తర్వాత కాల్బీ మళ్లీ ముందుకొస్తే "కిందికి" అన్నాను, వాడు కిందికి దిగాడు, మనం గోడ పక్క నుంచి పోయాం. పక్కన కేటీ హెడ్‌సెట్ తీసి నా వైపు చూసింది. ఆ చూపు ఫోటో తీసి పెట్టుకోవాల్సింది. ఎదర స్టాండ్లో ఖాకీ టోపీ పెట్టుకున్న కరోలినా మనిషి లేచి నిలబడ్డాడు. నాలుగు ల్యాపులు మిగిలి ఉండగా ఆరుష్ మొదట, కాల్బీ వెనక.

అప్పుడు ముందు ఒక చుట్టు వెనకబడి పోతున్న కారు ఒకటి గిర్రున తిరిగింది.

రేడియో సిగ్నల్ సరిగ్గా లేదు. ఆ మూల ఎప్పుడూ గరగరమంటుంది.

ఆగస్టు 25

సిగ్నల్ బాగానే ఉంది.

ఆ కారు పొగ చిమ్ముతూ అడ్డంగా గడ్డి వైపుకి జారుతోంది. గోడ వైపు దారి తెరుచుకుంది. నేను "పైకి! పైకి!" అని అరిచాను. అమ్మ నేర్పిన "పైకి" అది. బుధవారం నాటి ఒప్పందం బుర్రలో ఎక్కడా లేదు. ఆ క్షణంలో నాకు వచ్చిన తెలుగు ఒక్కటే.

ఆరుష్ క్షణం కూడా ఆలోచించలేదు. కిందికి తిప్పాడు.

ఆగస్టు 27, బుధవారం

కుడి మణికట్టు, కాలర్‌బోన్. ఇంకేం లేదు, దేవుడి దయ అంది ఉమ ఆంటీ. నాకు కాఫీ కూడా ఇచ్చింది. ఆ కాఫీ ఎలా తాగానో నాకే తెలీదు.

ఆరుష్ మంచం మీద కూర్చున్నాడు, చేతికి నీలం కట్టు.

"అన్నా, నువ్వు పైకి అన్నావు."

"అవును."

"పైకి is down. So I went down."

"నీకు కారు కనపడలేదా?"

"స్మోక్ ఉంది. నువ్వే కనపడ్డావు." కట్టు మీద గోటితో గీసుకుంటూ, "నేను తప్పు చేశానా?" అని అడిగాడు.

నేనేం చెప్పానో రాయను. తప్పెవరిదో వాడికి అర్థమయ్యేలా చెప్పాను, అంతే. అంకుల్ కిటికీ దగ్గర కమలా తొనలు ఒలుస్తున్నారు. మాటలు తిరగేసిన సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. ఒక తొన నా చేతిలో పెట్టి, "నన్ను కూడా అనుమానించావా బాబూ?" అన్నారు. కోపంగా అనుంటే బాగుండేది.

ఆ తొన పట్టుకునే బయటికొచ్చేశాను.

లిఫ్ట్ దగ్గర కేటీ ఎదురైంది. పైకప్పు మీద నేను వదిలేసొచ్చిన హెడ్‌సెట్ ఇవ్వడానికొచ్చింది. ఇంక దాచుకోవడానికేముంది? మా మాటలు నీకు చెప్పిందెవరని అడిగేశాను.

"ఎవరు చెప్పాలి?" అంది. "వారం వారం నా చెవి పక్కనే అరుస్తావు. నువ్వు అరిచాక మీ కారు ఎటో పోతుంది. రెండు వారాలు చూశాను. మా పిల్లలు పీరియాడిక్ టేబుల్ మొత్తం నేర్చుకుంటారు. ఆరు మాటలు ఎంతసేపు?"

నిమ్మకాయలు కూడా అంతేనట. మీ నాన్నగారు పెట్టడం చూశాం (అంకుల్ మా నాన్న అనుకుంది), పోయినేడు మీరే అందర్నీ ఊడ్చేశారు, పనికొస్తాయేమోనని పెట్టాం అంది. ఎందుకు పెడతారని నన్నే అడిగింది.

చెప్పేవాళ్లెవరూ లేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా లేని మనిషి కోసం వెతికాను. మన తెలుగు మనకి తప్ప ఎవరికీ రాదు, నేర్చుకునే ఓపిక ఎవరికుంటుంది అనుకున్నాను. అంత పెద్ద తాళం వేసి, తాళంచెవి రోజూ పక్కావిడ చెవిలో పెట్టాను.

లిఫ్ట్ వచ్చింది, కానీ కేటీ ఎక్కలేదు.

"శనివారం మాటలు తిరగేశావు కదా. రెండుసార్లు మోసపోయాక కనిపెట్టాను. కానీ చివర్లో నువ్వు అరిచింది వేరే గొంతు. నేనప్పుడు కాల్బీ వెనకొస్తున్న కారు చూస్తున్నాను, ముందేం జరిగిందో చూడనే లేదు. ఆ గొంతుతో ఎవరూ అబద్ధం చెప్పరు. అందుకే మావాడికి పైకి వెళ్లమన్నాను."

కాల్బీ పైకి పోయాడు. దెబ్బ తగల్లేదు. రేస్ గెలిచాడు.

అంటే ఆ సాయంత్రం నా తెలుగు సరిగ్గా అర్థమైంది కెమిస్ట్రీ టీచరు ఒక్కదానికే. నా కేక కాపాడింది నా డ్రైవర్ని కాదు, వెనకున్న వాణ్ణి.

సెప్టెంబర్ 6

రేస్‌కి పోలేదు. అపార్ట్‌మెంట్‌లో బట్టలు ఉతుక్కున్నాను. డ్రయర్ గిరగిరా తిరుగుతుంటే చూడలేక బయటికొచ్చేశాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

నిధికి ఆరుష్ అంతా చెప్పాడట. దోసెల హోటల్లో ఎదురుగా కూర్చుని, దోసె పక్కకి నెట్టింది.

"అంటే నేను గూఢచారినన్నట్టు."

"నువ్వొక్కదానివే కాదు. అంకుల్ని కూడా అనుమానించాను."

"గది నాకు ఓదార్పా?"

ఫనెల్ కేక్ సంగతి చెప్పక తప్పలేదు. "తీపి తింటే పంటి నొప్పని మొదటి రోజు నువ్వే కద చెప్పినవ్. గందుకే పెట్టలే" అంది. నిజమే. చెప్పాను. రూట్ కెనాల్ గురించి ఆమెను ఆకట్టుకోవడానికి పది నిమిషాలు ఉపన్యసించాను కూడా.

నా బిల్లు కూడా తనే కట్టేసి వెళ్లిపోయింది. క్షమించినట్టా, తెగతెంపులా? తెలీదు. నాకిప్పుడు అనుమానించే అర్హత కూడా లేదు.

సెప్టెంబర్ 18

అంకుల్ ఫోన్. కరోలినా వాళ్లు కాల్బీని కాదు, ఆరుష్‌నే పిలిచారు. చెయ్యి నయమయ్యాక టెస్ట్.

నాకు అర్థం కాక మళ్లీ మళ్లీ అడిగాను. ఖాకీ టోపీ ఆయన కారు కంప్యూటర్ డేటా అంతా చూశాడట. రేడియోలో మాట వినపడగానే ఈ కుర్రాడు కాలు తియ్యకుండా, తడుముకోకుండా స్టీరింగ్ తిప్పాడు, పొగలోకి కూడా అంతే తిప్పాడు, ఇలా నమ్మే డ్రైవర్ దొరకడం కష్టం అన్నాడట.

"ఇంకోటి కూడా అన్నాడు బాబూ" అన్నారు అంకుల్. "స్పాటర్ మాత్రం వాళ్లవాడేనట."

మంచిదేనన్నాను. అబద్ధం కాదది. అలాగని పూర్తి నిజం కూడా కాదు.

అక్టోబర్ 11

నిధి మెసేజ్: "టెస్టుకు పోతున్నవా? నాకు రైడ్ కావాలె."

అంతే. ముప్ఫైసార్లు చదివాను. అందులో ఏ దురుద్దేశమూ కనపడలేదు. వెతికే అలవాటు ఇంకా పోలేదనుకోండి.

అక్టోబర్ 25, శనివారం

కరోలినా. పెద్ద ట్రాక్, ఎత్తు గోడలు, స్టాండ్లన్నీ ఖాళీ. అంకుల్ వాళ్ల కారుకి కూడా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మెకానిక్ ఒకడు ఎందుకని అడిగితే, కారు మీద అందరి కళ్లూ పడతాయి కదా, అందుకని అన్నారు. వాడు బుర్ర ఊపి పక్కకి తప్పుకున్నాడు. ఉమ ఆంటీ వ్యాన్లోంచి దిగి కంచె దాకా వచ్చింది. అక్కడే నిలబడింది, కొంగు వేలికి చుట్టుకుంటూ.

నేనూ నిధీ పై వరసలో కూర్చున్నాం. నా దగ్గర అద్దెకి తెచ్చిన స్కానర్, దానికి వినడం ఒక్కటే వచ్చు. కొత్త స్పాటర్ గొంతు చల్లగా, నిదానంగా, వాతావరణ వార్తల్లా ఉంది. మంచి స్పాటర్. కామెంటరీ చెప్పడు, జోకులు వెయ్యడు. తప్పులు వెతుకుదామని చాలా శ్రద్ధగా విన్నాను. దొరకలేదు.

ఆరుష్ ఎక్కడా తడబడలేదు. ల్యాప్ ల్యాప్‌కీ గోడకి దగ్గరవుతున్నాడు. కింద ఖాకీ టోపీ ఆయన చేతిలో గడియారం చూసి పక్కవాడికి చూపించాడు, వాడు ఇంకొకడికి చూపించాడు. నిధి కెమెరా దించి నా మోచెయ్యి పొడిచింది. ఇంకెవరూ చెప్పక్కర్లేదు, సీటు వాడిదే.

చివరి ల్యాప్ అయ్యాక కారు నెమ్మదించింది. కార్లు ఆపే పిట్‌లోకి రావాలి. ట్రాక్ మీద ఇంకో కారు లేదు, అసలు ఉదయం నుంచీ లేదు. అప్పుడు స్కానర్లో ఆరుష్ గొంతు.

"అన్నా, ఖాళీయేనా?"

కొత్త స్పాటర్ మళ్లీ చెప్పమన్నాడు. ఆరుష్ చెప్పలేదు. కారు గోడ పక్కనే మెల్లగా పోతోంది, దిగడం లేదు.

నేను లేచి నిలబడ్డాను. అటువైపు మలుపుకీ నాకూ మధ్య అరమైలు గాలి. వాడు నన్ను చూడలేడు, వినలేడు. అయినా గొంతెత్తి, తిరగెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఖాళీ."

ఒక్క క్షణం. కారు గోడ వదిలి కిందికి దిగింది, పిట్ దారిలోకి తిరిగింది.

"వినపడ్డదంటవా?" అంది నిధి.

సంఘం అభిప్రాయం చెప్పలేదు. సంఘం రద్దయింది. నిధి నా వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందని అడగలేదు.